మొదటి తరం మారుతి 800 వెనుక అద్దం రబ్బరు ఎక్కడ దొరుకుతుంది?

నాన్నగారి 1985 నాటి మారుతి 800ను మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. 1986లో రూపం మారిన బండి కాదిది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ తొలి కొనుగోలుదారుకు తాళాలు అందించిన ఎస్‌ఎస్ 80 రకం. జపాన్ సుజుకి చిన్న కార్ల నమూనా మీద తయారైంది. ఆ కోణాల ముఖం, పలుచని స్తంభాల మధ్య పెద్ద అద్దాలు నాకు ఇప్పటికీ అందంగానే కనిపిస్తాయి.

ఇంజను గురించి బెంగ లేదు. 796 సీసీ, మూడు సిలిండర్లు. తరువాతి 800లోనూ అదే కొనసాగింది కనుక విడిభాగాలకు లోటు లేదు. చిక్కంతా వెనుక భాగంతోనే. ఇందులో వెనుక తలుపు మొత్తం లేవదు, అద్దం ఒక్కటే పైకి తెరుచుకుంటుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి, మూలల్లో చీలింది. వాన నీళ్లు సామాను పెట్టే చోట చేరి, మ్యాటు కింద రేకు తుప్పు పట్టింది. బొటనవేలితో నొక్కితే పొడిగా రాలుతోంది.

ఒక దుకాణంలో తరువాతి మోడల్ రబ్బరు ఇచ్చారు, వంపుల దగ్గర కూర్చోలేదు. అసలు రబ్బరు హైదరాబాదులోగానీ విజయవాడలోగానీ దొరుకుతుందా? మీటర్ల లెక్కన అమ్మే రబ్బరును మూలల్లో అతికిస్తే నీళ్లు ఆగుతాయా? తుప్పు పట్టిన రేకును ముందు కోసి అతికించాలా, రబ్బరు సరిపోయాకనా? వెనుక కమాన్‌పట్టీల బుష్‌లు కూడా అరిగాయి; వాటిని ఏ బండివి తెచ్చి సరిచేశారో చెప్పండి. ఇదే బండి ఉన్నవారు రబ్బరు అడ్డుకోత ఫొటో, కొలతలు పంపితే కొత్తది పోత పోయించడానికైనా సిద్ధం.