జెల్‌తో మొదలుపెట్టాలా, ఆక్రిలిక్‌తోనా? నెయిల్ టెక్నీషియన్ పని నేర్చుకుంటున్నాను

కొత్త_గోరు:

అందరికీ నమస్కారం. నాది డేటా ఎంట్రీ ఉద్యోగం. ఖాళీ దొరికినప్పుడల్లా గోళ్ల పని నేర్చుకుంటున్నాను. ముందుముందు దీన్నే వృత్తిగా చేసుకోవాలని ఆశ. జెల్ పాలిష్ కిట్, దాన్ని కాంతితో గట్టిపరిచే చిన్న ల్యాంపు కొన్నాను. ప్రస్తుతానికి నా ఎడమ చెయ్యే నా కస్టమరు. కుడి చేతికి వేద్దామంటే ఎడమ చేతిలో బ్రష్ వణికిపోతుంది.

ముందు జెల్ మీద చెయ్యి కుదిరాక ఆక్రిలిక్‌కి వెళ్లాలా, లేక మొదటే ఆక్రిలిక్ పట్టుకోవాలా? ఇదొక ప్రశ్న. రెండోది, వేసిన వారం లోపే రంగు గోరు మొదట్లోనూ పక్కల్లోనూ లేచిపోతోంది. ఒక మూల పట్టుకుని లాగితే పొరలాగా మొత్తం ఊడొచ్చేస్తుంది. రంగు కింద వేసే బేస్ కోటు మందంగా వేస్తే ఆగుతుందా? ఒక వీడియోలో అలాగే చెప్పారు.

ఇంకోటి, చిన్న విషయమే. రంగు వేసిన మర్నాడు గోళ్ల చుట్టూ కొంచెం దురద పెడుతోంది, వేళ్ల చివర చర్మం పొడిబారి పొట్టు లేస్తోంది. అసిటోన్ వల్లేమో. మంచి క్రీము ఏదైనా ఉంటే చెప్పండి.

ఆల్మండ్_షేప్:

నన్నడిగితే ఆక్రిలిక్కే ముందు. లిక్విడ్, పౌడరు కలిసిన క్షణం నుంచే గట్టిపడటం మొదలవుతుంది, ఆలోచిస్తూ కూర్చునే వీలుండదు కాబట్టి చెయ్యి త్వరగా తిరుగుతుంది. బ్రష్ కొనకి ఎంత పూస ఎత్తాలి, ఎంత తడి ఉండాలి అనేది ఒకసారి వేళ్లకి తెలిసిపోతే తర్వాత జెల్ పెద్ద కష్టం కాదు. వాసన మాత్రం భరించాలి. లిక్విడ్ కొనేటప్పుడు అందులోని రసాయనం ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్) అని ఉందో లేదో చూసుకోండి. ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) అయితే ఆ సీసా ముట్టుకోకండి. అది మరీ గట్టిగా అతుక్కుంటుంది, ఎక్కడైనా తగిలితే అసలు గోరు కూడా దానితోపాటే చీలుతుంది. అసిటోన్‌లో నానబెట్టినా ఒక పట్టాన కరగదు.

క్రీము సంగతి నాకు తెలీదండీ.

పాత_ఫైలు:

కొత్త గోరు గారూ, మీ మొదటి రెండు ప్రశ్నలకీ జవాబు చెప్తాను గానీ, చివర్లో చిన్న విషయం అన్నారు చూడండి, ముందు దాని సంగతి తేల్చుకోండి. ఈ రోజు నుంచి జెల్ ముట్టుకోవద్దు. క్రీము కూడా వెతకొద్దు. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లి జెల్ పాలిష్ వాడుతున్నానని చెప్పి, అక్రిలేట్‌లకి ప్యాచ్ టెస్ట్ అవసరమా అని అడగండి. అక్రిలేట్లంటే జెల్, ఆక్రిలిక్ రెండింట్లోనూ ఉండే రసాయనాల జాతి, ప్యాచ్ టెస్ట్ అంటే చర్మం మీద పట్టీ అంటించి ఎలర్జీ ఉందేమో చూసే పరీక్ష. అసిటోన్ వల్ల కూడా చర్మం పొడిబారుతుంది, కాదనను. కానీ వేసిన మర్నాడు దురద, గోటి చుట్టూనే పొట్టు అంటే నాకు మొదట అనుమానం వచ్చేది అక్రిలేట్ ఎలర్జీ మీదే. అవునో కాదో ఇక్కడ మేమెవరం చెప్పలేం.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఈ ఎలర్జీ ఒకసారి వచ్చిందంటే మళ్లీ పోదు. జెల్‌లో ఉండే హీమా లాంటి పదార్థాలు గట్టిపడక ముందు చర్మానికి పదేపదే తగిలితే, ఏదో ఒక రోజు శరీరం ఇక ఒప్పుకోదు. ఆ తర్వాత చుక్క తగిలినా దురదే. నాతోపాటు సెలూన్‌లో పనిచేసిన ఒకామె గోటి కొనకి ఫ్రెంచ్ తెల్ల గీత గీస్తే స్కేలు పెట్టి గీసినట్టుండేది. అంత పనిమంతురాలు ఈ ఎలర్జీతోనే పని మానేసింది. ఇప్పుడు పంటికి ఫిల్లింగ్ పెట్టించుకోవాలన్నా ముందుగా డాక్టరుకి ఈ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే అందులోనూ ఇదే జాతి పదార్థాలుంటాయి. కీళ్ల ఆపరేషన్లో వాడే బోన్ సిమెంటు కూడా అంతే.

ఇక మీ ల్యాంపు. కిట్‌తోపాటు వచ్చిందా, విడిగా కొన్నారా? ల్యాంపు ఎన్ని వాట్లు అని అందరూ అడుగుతారు గానీ, ఆ జెల్‌కి కావలసిన కాంతి ఇస్తుందా లేదా అన్నదే ముఖ్యం. ఇప్పటి ఎల్‌ఈడీ ల్యాంపులు చాలావరకు 365, 405 నానోమీటర్ల దగ్గర కాంతినిస్తాయి. జెల్ తయారు చేసినవాళ్లు ఏ ల్యాంపులో పరీక్షించారో అదే వాడటం మంచిది. వేరే దాంట్లో పెడితే పైకి గట్టిగా, మెరుస్తూ కనిపిస్తుంది, లోపల మాత్రం సగం పచ్చిగానే ఉండిపోవచ్చు. పైగా మీ వీడియో సలహా ప్రకారం బేస్ మందంగా వేశారంటే కాంతి అడుగు దాకా దిగదు. కాబట్టి మందంగా వేయకండి, పల్చగా రెండుసార్లు వేయండి. ల్యాంపులోంచి తీశాక పైన మిగిలే జిగురుని వేలితో తడిమి చూసే అలవాటు చాలామందికి ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ తగలడం వల్ల గట్టిపడకుండా మిగిలిపోయిన పొర అది. దాన్ని ముట్టుకోకూడదు.

రంగు ఎందుకు లేస్తోందంటారా, బేస్ దాకా వెళ్లక ముందే తేడా వస్తోంది. గోరు మొదట్లో పల్చటి చచ్చిన పొర ఒకటి గోటికి అంటుకుని ఉంటుంది, పక్కకి వెలుతురు పెట్టి చూస్తే గానీ కనపడదు. దాన్ని తీయకుండా రంగు వేస్తే మీరు రంగు వేసింది గోటి మీద కాదు, ఆ పొర మీద. పొర ఊడితే రంగూ ఊడుతుంది. పుషర్‌తో మెల్లగా వెనక్కి నెట్టి, గోటి మీద ఉన్నది మాత్రమే గీకి తీయండి. దాని వెనక అంచున ఉన్న బతికిన చర్మాన్ని కత్తిరించొద్దు, అది గోటి వేరులోకి క్రిములు పోకుండా కాపలా కాసేది. తర్వాత 240 గ్రిట్ బఫర్‌తో మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, గోటి మీది తడి, జిడ్డు లాగేసే డీహైడ్రేటర్ వేయండి. ముందు నీళ్లలో చేతులు నానబెట్టే పద్ధతి జెల్‌కి పనికిరాదు. గోరు నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరాక సర్దుకుంటుంది, పైనున్న రంగు మాత్రం అలాగే ఉండి పక్కల్లో వదిలేస్తుంది. బ్రష్‌ని చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆపండి. చర్మం మీదకి పారిందా, ల్యాంపులో పెట్టక ముందే తుడిచేయండి. చివర్లో గోటి అంచుకి కూడా ఒక గీత లాగి మూసేయండి.

లేచిన రంగుని లాగి పీకడం ఇక చాలించండి. దాంతోపాటు గోటి పై పొరలు కూడా పోతాయి. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, అంటే పాడైన గోరు పూర్తిగా పోయి కొత్తది రావాలంటే ఇంచుమించు 6 నెలలు. 

జెల్లా ఆక్రిలిక్కా అంటే, ఆల్మండ్ షేప్ గారితో నాకు సగం పేచీ. ఆక్రిలిక్ చేతికి వేగం నేర్పుతుంది నిజమే. కానీ కొత్తవాళ్ల చేతిలో ఆ లిక్విడ్ చర్మం మీదకి కారడం జెల్ కంటే ఎక్కువ, అదీ అక్రిలేట్ల జాతే. మీకు ఇప్పుడున్న అనుమానం తీరేదాకా రెండూ వద్దు.

కొత్త_గోరు:

చదివాక నిజంగా టెన్షన్ వచ్చింది. డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ల్యాంపు విడిగానే కొన్నాను, వేరే కంపెనీది. హీమా లేని జెల్ అని అమ్ముతున్నారు కదా, అది వాడితే సరిపోదా? చేతులకి గ్లవ్స్ వేసుకుంటే?

డ్రిల్_బిట్:

మధ్యలో దూరుతున్నాను. కోర్సులో చేరేటప్పుడు వాళ్ల సర్టిఫికెట్ ఎంత అందంగా ఉందో చూడకండి. పరికరాలు ఎలా శుభ్రం చేస్తారో చూపించమనండి. ముందు సబ్బుతో కడిగి, ఆ తర్వాత డిస్‌ఇన్‌ఫెక్టెంట్‌లో సీసా మీద రాసినంత సేపు ముంచి ఉంచారా, లేక బ్లూ లైటు డబ్బాలో పెట్టేసి అయిపోయిందన్నారా అన్నది చూస్తే ఆ చోటు సంగతి తెలిసిపోతుంది. ఆ డబ్బా స్టెరిలైజర్ కాదు. ఫైళ్లు ఒకరికి వాడింది ఇంకొకరికి వాడుతుంటే లేచి వచ్చేయండి. ఫంగస్ ఉన్న గోరు, ఆకుపచ్చగా మారిన గోరు, కొత్తగా వచ్చిన నల్లటి చార చూపించి, వీటికి రంగు వేయకూడదు, డాక్టరు దగ్గరికి పంపాలి అని చెప్పే టీచరు దొరికితే ఫీజు కట్టేయొచ్చు. మీరుండే చోట ఈ పనికి లైసెన్సు కావాలంటారేమో కూడా ముందే కనుక్కోండి.

ఇంకో మాట, ఈ-ఫైల్, అంటే కరెంటుతో తిరిగే ఫైలు, ఇప్పుడే కొనకండి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? కొత్తచేతిలో అది ఒక్కచోట ఆగితే గోటి మీద ఎర్రటి వలయం పడుతుంది. ముందు చేతి ఫైలుతో నేర్చుకోండి.

పాత_ఫైలు:

డ్రిల్ బిట్ అనే పేరు పెట్టుకుని ఈ-ఫైల్ వద్దంటున్నారు, బాగుంది.

హీమా లేదని రాసినంత మాత్రాన ఎలర్జీ రాదని కాదు. దాని బదులు ఇంకో అక్రిలేటో మెథాక్రిలేటో ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి హీమా ఉన్న నెయిల్ ఉత్పత్తుల మీద ప్రొఫెషనల్ వాడకానికి మాత్రమే అని రాయాలి. జెల్ కాంతికి గట్టిపడటానికి కలిపే టీపీఓ అనే ఇంకో పదార్థాన్ని 2025 సెప్టెంబర్ 1 నుంచి అక్కడ కాస్మెటిక్స్‌లో పూర్తిగా ఆపేశారు, అయితే ఆ కారణం వేరు, ఎలర్జీ కాదు. పదార్థాల జాబితా దొరకని సీసా కొనకపోవడం ఒక్కటే మీ చేతిలో ఉన్నది.

గ్లవ్స్ నైట్రైల్‌వి వేసుకోండి, లేటెక్స్‌వి వద్దు. అయినా పల్చటి గ్లవ్స్‌లోంచి ఇవి నిమిషాల్లోనే లోపలికి దిగుతాయి. జెల్ తగిలిందంటే ఆ జత తీసి పారేయాలి, కడిగి మళ్లీ వాడకూడదు. దుమ్ముకి మాస్కు పెట్టుకోండి, ఆవిరిని మామూలు మాస్కు ఆపదు, గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలి.

ప్యాచ్ టెస్ట్ సంగతి తేలేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. గట్టి కాగితం మీద ప్లాస్టిక్ టిప్పులు అంటించుకుని స్క్వేర్, ఆల్మండ్, కాఫిన్ ఆకారాలు ఫైల్ చేయండి. రెండు పక్కలూ సమానంగా వచ్చాయా అని తలకిందులుగా పెట్టి చూడండి. ఎడమ చేతితో కూడా చేయండి. ఒప్పుకునేవాళ్లు దొరికితే వాళ్ల గోళ్లకి రంగు లేకుండా ప్రిప్ మాత్రం, అంటే రంగుకి ముందు గోరు సిద్ధం చేసే పని, చేసిపెట్టండి. కొరికేసిన గోళ్లు, చదునైనవి, పైకి లేచినవి రకరకాలుగా తగులుతాయి, ప్రాక్టీసుకి వాడే రబ్బరు చెయ్యి మీద అవి దొరకవు. ఆర్ట్ కావాలంటే సన్న బ్రష్‌తో, కాగితం మీద బొమ్మలు వేసే ఆక్రిలిక్ రంగులు వాడుకోండి. పేరు ఒకటే అయినా అందులో ఆ లిక్విడ్ ఉండదు, కంగారు పడకండి.