మా చిన్న ఊళ్లో పెద్ద స్టోర్లకి సైజు లిమిట్ పెడతారట, ఓటు లేని మేం ఏం చెయ్యగలం?

మంచు_ఊరు:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేం ఉండేది న్యూయార్క్ రాష్ట్రం, సిటీ కాదు, బాగా పైన, కెనడా బోర్డరు వైపు. ఊళ్లో ఆరు వేల మంది కూడా ఉండరు. మా ఆవిడ పిల్లల డాక్టరు. జే-1 వేవర్ మీద, అంటే డాక్టర్లు తక్కువున్న ఊళ్లో మూడేళ్లు పనిచేస్తే ట్రైనింగ్ వీసా అయ్యాక వెనక్కి వెళ్లక్కర్లేదన్న మినహాయింపు మీద, ఇక్కడి హాస్పిటల్లో చేరింది, మూడేళ్లు చేసి ఏ డాలస్‌కో వెళ్లిపోదాం అనుకుని వచ్చాం, ఇప్పుడు ఐదో ఏడు, ఇల్లు కూడా కొనుక్కున్నాం.

హైవే పక్కన మూతపడ్డ డెయిరీ ఫామ్ ఒకటి ఉంది. ఒక పెద్ద రిటైల్ కంపెనీ దానికి అగ్రిమెంటు రాసుకుందని, లక్షా యాభై వేల చదరపు అడుగుల స్టోరు కడతారని ఊరంతా ఒకటే మాట. ఈలోగా టౌన్ బోర్డు వాళ్లు జోనింగ్ చట్టం (ఊళ్లో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేది) మార్చి, ఊళ్లో ఏ రిటైల్ బిల్డింగూ 40,000 చదరపు అడుగులు దాటకూడదని పెడదామంటున్నారు. వచ్చే నెల పబ్లిక్ హియరింగ్, అంటే ఊరివాళ్ల మాట వినే మీటింగ్.

నాకెందుకింత పట్టింది అంటే, మేం వచ్చిన మొదటి జనవరిలో రాత్రి తొమ్మిదింటికి సింకు కింద పైపు గడ్డకట్టి పగిలింది. ప్లంబర్లు ఎవరూ ఫోనెత్తలేదు. పక్కింటాయన మెయిన్ స్ట్రీట్‌లో హార్డ్‌వేర్ షాపాయనకి ఫోన్ చేస్తే ఆయన నైట్ ప్యాంటు మీదే కోటు వేసుకొచ్చి షాపు తీశాడు. పగిలిన ముక్క చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, చెక్క సొరుగు లాగి, అరంగుళం కప్లింగ్ ఒకటి తీసి, ఎలా బిగించాలో కౌంటర్ మీదే రెండు పైపు ముక్కలకి వేసి చూపించాడు. నాలుగైదు డాలర్లు తీసుకున్నాడేమో, అంతే. గ్రోసరీ షాపాయన మా కోసం ప్రతి గురువారం పచ్చిమిరపకాయలూ కొత్తిమీరా తెప్పిస్తాడు, మొదట్లో మా ఒక్కళ్లకే, ఇప్పుడు హాస్పిటల్లో పనిచేసే మన వాళ్లు నాలుగు కుటుంబాలకి. ఈ ఇద్దరూ షాపులు మూసేస్తారేమో అన్నదే నా టెన్షన్.

అసలు ఇలా సైజుకి లిమిట్ పెట్టడం కోర్టులో నిలబడుతుందా? పెట్టిన ఊళ్లు బాగుపడ్డాయా? మేం ఇద్దరం హెచ్-1బీ, ఓటు లేదు, హియరింగ్‌లో మాట్లాడితే "నీకెందుకయ్యా" అంటారేమోనని మా ఆవిడ భయం. తెలిసినవాళ్లు చెప్పండి.

సైట్‌ప్లాన్_సివిల్:

మీ ఆవిడ గారి భయం గురించి ముందు. పబ్లిక్ హియరింగ్‌లో మాట్లాడటానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు. పేరు, అడ్రసు చెప్పి మామూలుగా ఓ మూడు నిమిషాలు మాట్లాడొచ్చు, ఉత్తరం రాసి ఇచ్చినా రికార్డులోకి ఎక్కుతుంది. న్యూయార్క్‌లో జోనింగ్ మార్పుకి ఊరంతా ఓటు వెయ్యడం ఉండదు, టౌన్ బోర్డే ఓటేస్తుంది, కాబట్టి ఓటు లేకపోవడం మీరనుకున్నంత లోటు కాదు. ఇంకోటి, టౌన్ లా 265వ సెక్షన్ కింద ప్రొటెస్ట్ పిటిషన్ అని ఉంది. మార్పు తగిలే భూమిలో కానీ, దానికి ఆనుకుని వంద అడుగుల్లోపు ఉన్న భూమిలో కానీ 20 శాతానికి సొంతదార్లు సంతకాలు పెట్టి వ్యతిరేకిస్తే, ఆ మార్పు నెగ్గడానికి బోర్డులో మామూలు మెజారిటీ చాలదు, నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. అక్కడ లెక్క భూమిది, పాస్‌పోర్టుది కాదు. ఇది రెండువైపులా కోస్తుందని గుర్తుంచుకోండి, ఆ డెయిరీ ఫామ్ ఓనరు కూడా సైజు లిమిట్‌కి ఎదురుగా ఇదే పిటిషన్ వెయ్యొచ్చు.

కోర్టు సంగతి. సైజు లిమిట్లు చాలాచోట్ల నిలబడ్డాయి. కాలిఫోర్నియాలో టర్లాక్ అనే ఊరు 2004లో లక్ష చదరపు అడుగులు దాటి, అందులో కనీసం 5 శాతం జాగాలో కిరాణా లాంటి పన్ను లేని సరుకు అమ్మే డిస్కౌంట్ సూపర్ స్టోర్లు వద్దని చట్టం చేసింది. వాల్‌మార్ట్ కోర్టుకెళ్లింది, 2006లో అప్పీల్ కోర్టు ఊరి పక్షానే చెప్పింది. హాన్‌ఫర్డ్ అనే ఇంకో ఊళ్లో ఫర్నిచర్ అమ్మకాన్ని డౌన్‌టౌన్‌కి పరిమితం చేస్తే 2007లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అదీ సరే అంది. డౌన్‌టౌన్‌ని బతికించుకోవడం సరైన ఉద్దేశమే, దానివల్ల కొందరికి పోటీ తగ్గినా ఫరవాలేదు అన్నది ఆ తీర్పు సారం.

ఊళ్లు ఎక్కడ దెబ్బతింటాయంటే, సైజు వదిలేసి బ్రాండు మీద పడ్డప్పుడు. ఫ్లోరిడాలో ఇస్లమొరాడా అనే చిన్న ఊరు చైన్ స్టోర్లకి మాత్రమే 2,000 చదరపు అడుగుల లిమిట్ పెట్టింది. 2008లో ఫెడరల్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. బయటి రాష్ట్రాల వ్యాపారాన్ని అడ్డుకుంటోంది, దానికి తగ్గ కారణం చూపించలేదు అని. కాబట్టి మీ చట్టంలో కంపెనీ పేరు, "చైన్", "బయటివాళ్లు" లాంటి మాటలు ఒక్కటి కూడా ఉండకూడదు. ఎవరు కట్టినా 40,000 అంతే.

మీ రాష్ట్రంలోనే మీకు బాగా పనికొచ్చే కేసు నార్త్ ఎల్బా. 1932లో, 1980లో వింటర్ ఒలింపిక్స్ జరిగిన లేక్ ప్లాసిడ్ ఉందే, ఆ టౌన్. అక్కడ వాల్‌మార్ట్‌కి ప్లానింగ్ బోర్డు పర్మిట్ ఇవ్వలేదు, 1998లో అప్పీల్ కోర్టు బోర్డుని సమర్థించింది. జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. న్యూయార్క్‌లో "మా షాపుకి గిరాకీ పోతుంది" అంటే, ఇలాంటి ప్రాజెక్టుకి ఓకే చెప్పేముందు చేసే పర్యావరణ సమీక్షలో లెక్కలోకి తీసుకోరు. "షాపులు ఖాళీ అయ్యి మెయిన్ స్ట్రీట్ పాడుబడి ఊరి స్వరూపమే మారిపోతుంది" అంటే తీసుకుంటారు, ఆధారం చూపిస్తే. మీరు మాట్లాడేటప్పుడు హార్డ్‌వేర్ షాపాయన మీద ప్రేమ ఉంటే ఉండనివ్వండి, కానీ దాన్ని మెయిన్ స్ట్రీట్ కథగా చెప్పండి. ఎన్ని షాపులున్నాయి, ఎన్ని ఇప్పటికే ఖాళీ, పైన ఎంతమంది అద్దెకుంటున్నారు, నడిచి వెళ్లే ముసలివాళ్లు ఎంతమంది, ఇలాంటివి లెక్కబెట్టి ఫొటోలతో సహా ఇవ్వండి.

కంపెనీ ముందే అప్లికేషన్ పెట్టేస్తే ఎలా అన్న ఇంకో కంగారు కూడా తీరుస్తాను. వాషింగ్టన్ రాష్ట్రంలో అయితే బిల్డింగ్ పర్మిట్‌కి పూర్తి అప్లికేషన్ పెట్టిన రోజు ఉన్న రూల్సే వర్తిస్తాయి. న్యూయార్క్‌లో అలా కాదు, పర్మిట్ చేతికొచ్చి, పని గట్టిగా మొదలుపెట్టి, డబ్బు దిగేస్తేనే పాత రూల్ మీద హక్కు వస్తుంది. అంటే మీకు ఇంకా టైముంది. బోర్డుకి చదువుకోవడానికి టైము చాలకపోతే ఆరు నెలలో ఏడాదో మారటోరియం, అంటే అలాంటి పర్మిట్లు తాత్కాలికంగా ఆపడం, పెట్టమని అడగండి.

చివరగా చట్టం రాసే తీరు. మేరీల్యాండ్‌లో డంకర్క్ దగ్గర 75,000 లిమిట్ పెడితే, కంపెనీ 74,998 చదరపు అడుగుల స్టోరూ దాని పక్కనే విడిగా ఒక గార్డెన్ సెంటరూ వేసి ప్లాను తెచ్చింది. "ఒకే స్థలంలో, పక్కపక్క స్థలాల్లో ఒకే వ్యాపారం నడిపే బిల్డింగులన్నీ కలిపి లెక్క" అన్న వాక్యం మీ డ్రాఫ్టులో ఉందో లేదో ఇవాళే చూడండి.

కాన్సస్_అమ్మ:

నేను ఒప్పుకోను అండీ, కోపం తెచ్చుకోకండి. మేం పశ్చిమ కాన్సస్‌లో ఉన్నాం, మా పెద్దాడు పుట్టినప్పుడు డైపర్ల కోసం 45 మైళ్లు వెళ్లేదాన్ని, పాల డబ్బా అయిపోతే ఇంక చెప్పక్కర్లేదు. ఊళ్లో ఉన్న ఒక్క గ్రోసరీలో ధరలు చూస్తే కడుపు మండేది, ఆరింటికి మూసేసేవాళ్లు, ఆదివారం సెలవు. పెద్ద స్టోరు వచ్చాక రాత్రి తొమ్మిదిదాకా ఫార్మసీ ఉంది. మా ఇంట్లో షుగరు ఉన్న పెద్దావిడ ఉన్నారు, ఆ ఫార్మసీ లేకపోతే మా బతుకేంటి. మీ ఆవిడ డాక్టరు, మీకు జీతాలున్నాయి, పచ్చిమిరపకాయల ధర మీరు చూసుకోరు. గంటకి పదిహేను డాలర్లకి పనిచేసే కుటుంబానికి నెలకి అరవై డెబ్బై డాలర్లు మిగిలితే అది పిల్లల బూట్లు. హియరింగ్‌కి వచ్చేది ఎప్పుడూ టైమున్నవాళ్లే, సాయంత్రం షిఫ్టులో ఉన్నవాళ్లు రారు. వాళ్ల మాట కూడా ఎవరైనా చెప్పండి.

ఒహాయో_గ్యాస్‌స్టేషన్:

అమ్మ గారు చెప్పింది నిజం, ధరల విషయంలో వాదించడానికి ఏం లేదు. నేను పద్నాలుగేళ్లుగా గ్యాస్ స్టేషన్ నడుపుతున్నా, మా ఊళ్లో స్టోరు రావడం చూశా, పోవడం కూడా చూశా. వచ్చిన మొదట్లో జనం పెరిగారు, నా బంకుకీ గిరాకీ పెరిగింది, దాచను. అయోవా స్టేట్ యూనివర్సిటీలో కెన్నెత్ స్టోన్ అనే ప్రొఫెసర్ 1980ల చివర్నుంచి అయోవా ఊళ్ల మీద చేసిన స్టడీల్లో కూడా ఇదే ఉంది. స్టోరు పడ్డ ఊళ్లో మొత్తం అమ్మకాలు పెరుగుతాయి, హోటళ్లు, ఫర్నిచర్ షాపులు లాంటివి బాగుపడతాయి, అదే సరుకు అమ్మేవాళ్లు నష్టపోతారు, చుట్టుపక్కల స్టోరు లేని చిన్న ఊళ్లు అందరికంటే ఎక్కువ దెబ్బతింటాయి. అందుకే ఒక్క మీ ఊళ్లో లిమిట్ పెట్టి లాభం లేదు. వాళ్లు పది మైళ్ల అవతల పక్క టౌన్‌లో కడితే మీకు పన్నూ రాదు, మెయిన్ స్ట్రీటూ మిగలదు. పక్క టౌన్ వాళ్లతో కూడా మాట్లాడమని మీ బోర్డుకి చెప్పండి.

మా దగ్గర ఏమైందంటే, కొన్నేళ్లకి వాళ్లు హైవే ఎగ్జిట్ దగ్గర ఇంకా పెద్దది కట్టుకుని ఇది మూసేసి పోయారు. ఖాళీ బిల్డింగ్, ఏడెకరాల పార్కింగ్, పగుళ్లలో గడ్డి. గ్రోసరీ ఎవరైనా పెట్టుకుంటారా అంటే, వేరే గ్రోసరీకి ఇవ్వకూడదని అమ్మకం దస్తావేజులోనే షరతు రాసుకున్నారు. అప్పటికి మెయిన్ స్ట్రీట్‌లో పాత గ్రోసరీ మూతపడి చాలా కాలమైంది, దాంతో మా ముసలివాళ్లు గుడ్లకి కూడా కారెక్కాలి. కాన్సస్ అమ్మ గారూ, మీ 45 మైళ్ల కష్టం మాకు స్టోరు వెళ్లిపోయాక మొదలైంది. చట్టం రాస్తున్నారు కాబట్టి ఖాళీగా వదిలేస్తే కూల్చే ఖర్చుకి ముందే బాండు (హామీ సొమ్ము) కట్టించుకునే రూలు కూడా పెట్టించండి.

తణుకు_కిరాణా:

అమెరికా రూల్స్ నాకు తెలియవు, మాది మూడు తరాల కిరాణా. మన దగ్గర సైజుకి లిమిట్ అన్న మాటే వినలేదు. మాస్టర్ ప్లానులో కమర్షియల్ జోనా కాదా, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, పార్కింగ్ ఉందా, ఇంతే చూస్తారు. 2012లో విదేశీ కంపెనీలకి మల్టీబ్రాండ్ రిటైల్‌లో (అన్ని బ్రాండ్ల సరుకూ అమ్మే స్టోర్లలో) 51 శాతం దాకా పెట్టుబడికి అనుమతిచ్చినప్పుడు మాత్రం పది లక్షల జనాభా దాటిన నగరాల్లోనే స్టోర్లు పెట్టాలని కేంద్రం రూలు పెట్టింది, తర్వాతి ఏడాదే సడలించింది. అది విదేశీ కంపెనీలకే, దేశీ చైన్లకి అడ్డేం లేదు. మా బైపాస్ మీద ఒకటి తెరిచినప్పట్నుంచి నెల మొదటి వారం సరుకులు అక్కడ, ఇరవయ్యో తారీఖు దాటాక అప్పు మా దగ్గర. మా నాన్న ఖాతా పుస్తకంలో పేర్లు అవే ఉన్నాయి, నగదు కొనుగోళ్లు మాత్రం లేవు. అప్పు ఇచ్చేవాడు ఒక్కడు ఊళ్లో ఉండాలి అంటే వాడికి నగదు బేరం కూడా ఉండాలి కదండీ. ఈ మాట మీ మీటింగ్‌లో చెప్పగలిగితే చెప్పండి.

సైట్‌ప్లాన్_సివిల్:

కాన్సస్ అమ్మ గారి మాట తీసిపారెయ్యకండి, చట్టంలోనే దానికి చోటుంది. 40,000 చదరపు అడుగులంటే చిన్న కొట్టేం కాదు, ఫార్మసీతో సహా మామూలు సూపర్ మార్కెట్ పట్టేస్తుంది. కాబట్టి మీరు "రావద్దు" అని కాక "ఈ సైజులో రండి, మెయిన్ స్ట్రీట్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో రండి" అని అడగండి. మెయిన్ స్ట్రీట్ షాపులు రాత్రి ఎనిమిదిదాకా తెరిచి ఉంచుతాయా అని కూడా అడగండి, అది న్యాయమైన ప్రశ్నే.

మంచు_ఊరు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ టౌన్ క్లర్క్ దగ్గరికెళ్లి డ్రాఫ్టు కాపీ తెచ్చుకున్నా. పక్కపక్క బిల్డింగులు కలిపి లెక్కపెట్టాలన్న వాక్యం అందులో లేదు, ఖాళీ బిల్డింగ్ బాండు గురించీ లేదు. రెండూ రాసి ఇస్తాను. మా ఆవిడ హాస్పిటల్లో నైట్ షిఫ్టు నర్సుల్ని, క్లీనింగ్ వాళ్లని అడిగి వాళ్లకేం కావాలో రాయించుకొస్తానంది, కాన్సస్ అమ్మ గారి పోస్టు చదివాకే. మెయిన్ స్ట్రీట్ ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచి లెక్కబెట్టాను, 31 షాపులు, ఆరు ఖాళీ. గురువారం పచ్చిమిరపకాయలకి వెళ్లినప్పుడు గ్రోసరీ ఆయన్ని అడుగుతాను, ఆదివారం తెరుస్తాడేమో.