వీల్‌చైర్ పట్టని ఫుట్‌పాత్: ఎవరికి చెప్పాలి, ఏమని రాయాలి?

ప్రశ్న (విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ):
సాయంత్రం పూట నాన్నగారిని వీల్‌చైర్‌లో పార్కుకి తీసుకెళ్తుంటాను. ఫుట్‌పాత్ పేరుకే ఉంది. మొదట్లోనే బైకులు ఎక్కకుండా పాతిన ఇనప పైపులు, అవి దాటితే ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన టిఫిన్ బండి. రోడ్డు మీద తోసుకెళ్దామంటే వెనక ఆటోల హారన్లు, ఆయనకి టెన్షన్. 'ట్రాఫిక్, ఫుట్‌పాత్ సమస్య' అని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. అక్కడ ఒక్క పైపు కూడా కదల్లేదు. ఇంకెవరిని అడగాలండీ?

జవాబు (అక్కయ్యపాలెం):
ముగ్గురి పని ఒకే అర్జీలో ఉంటే ఎవరికి వారు మాది కాదంటారండీ. విడివిడిగా పెట్టండి. ఫుట్‌పాత్, పైపులు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంజినీరింగ్ విభాగానికి. ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు సంస్థ ఏపీఈపీడీసీఎల్‌ది, 1912కి ఫోన్ చేయాలి. అడ్డదిడ్డంగా పార్కింగ్ చేస్తే ట్రాఫిక్ పోలీసులు. రోడ్డు ఎవరిదో తెలియకపోతే ముందు వార్డు సచివాలయంలో సౌకర్యాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీని అడగండి.

పైపులు పీకేయమని మాత్రం రాయకండి. పీకిన మర్నాడే బైకులు ఎక్కుతాయి, మళ్లీ పాతేస్తారు. మధ్య ఖాళీ కనీసం 90 సెంటీమీటర్లు ఉండేలా జరపమనండి. మామూలు వీల్‌చైరే 65 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, చక్రం తిప్పే చేతులకి అటూ ఇటూ చోటు కావాలి కదా. పైపుల మధ్య టేపు పట్టి, అంకె కనబడేలా ఫోటో తీయండి. ఇబ్బందిగా ఉందంటే చూశామంటారు, అంకె కనబడుతుంటే అలా దాటెయ్యలేరు.

ర్యాంపు అడిగితే వాలు కూడా రాయండి. లేదంటే అంచుకి రెండు తట్టల సిమెంటు కొట్టి వెళ్లిపోతారు, అది నిటారుగా ఉండి వీల్‌చైర్ వెనక్కి జారుతుంది. వాలు 1:12 ఉండాలి. అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకి 180 సెంటీమీటర్ల పొడవు.

జవాబు (పెదవాల్తేరు):
టిఫిన్ బండి సంగతి అర్జీదాకా ఎందుకండీ. ఆయనతో మాట్లాడి నాలుగడుగులు జరగమనండి, చాలామంది జరుగుతారు. వీధి వ్యాపారులకి 2014 చట్టం రక్షణ ఉంది, గొడవ పెట్టుకుంటే అసలు పని ఆగిపోతుంది.
అన్నట్టు, పొద్దున్నే వాకర్ల కోసం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపుతారు కదా, ఆ టైముకి నాన్నగారిని తీసుకెళ్లి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
టేపు పెట్టాను. 58 సెంటీమీటర్లే! మళ్లీ ఆన్‌లైన్‌లోనే పెట్టనా?

జవాబు (అక్కయ్యపాలెం):
ఈసారి కాగితం మీద ఇవ్వండి. సోమవారం జీవీఎంసీ ఆఫీసులో, కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్ (ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమం) ఉంటుంది. రసీదు నంబరు తీసుకోకుండా రావద్దు. సరిగ్గా చేయకుండా మూసేస్తే ఆ నంబరుతో మళ్లీ తెరవమని అడగొచ్చు.

అర్జీలో దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 అని రాయండి. ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో చెప్పింది. అదీ ఒక లైను చేర్చండి. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి రాయొచ్చు. ఆయన సిఫార్సు చేస్తే సంబంధిత శాఖ ఏం చేసిందో మూడు నెలల్లో చెప్పాలి.

ఒకవేళ రాయడం కష్టమైతే ఇది వాడుకోండి: 'ఫలానా పార్కు గేటు దగ్గర ఫుట్‌పాత్ మీద పైపుల మధ్య ఖాళీ 58 సెం.మీ. మాత్రమే ఉంది, వీల్‌చైర్ పట్టడం లేదు. 90 సెం.మీ.కి తగ్గకుండా జరిపి, ఫుట్‌పాత్ రెండు చివర్లా 1:12 వాలుతో ర్యాంపు కట్టగలరు. ఫోటోలు జతపరిచాను.'