చందమామ మన వెంటే ఎందుకొస్తాడు? మీ పిల్లల ప్రశ్నలు ఇక్కడ రాయండి

నిద్రలేని_నాన్న: మావాడికి నాలుగేళ్లు. రాత్రి బండి మీద వస్తుంటే, "నాన్నా, చందమామ మన వెనకే వస్తున్నాడేంటి?" అన్నాడు. నీతో ఆడుకోవడానికి అన్నాను. "మరి పక్కింటి బాబుతో ఎవరు ఆడుకుంటారు?" నాకు నోట మాట రాలేదు. మీ ఇళ్లలో ముచ్చట్లు చెప్పండి. ఈ ప్రశ్నల వాన తగ్గే దారుంటే అదీ చెప్పండి.

కవలల_తల్లి: మీకు ఒక్కడే, అదృష్టవంతులు. మా పెద్దది: "అమ్మా, నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు నన్నెవరు చూసుకునేవాళ్లు?" అప్పటికి నువ్వు పుట్టలేదే అన్నాను. "అయితే నేనొక్కదాన్నే ఎక్కడున్నాను?" అని ఏడుపు. చిన్నది వచ్చి, "ఒక్కదానివే ఎందుకే, నేనున్నాగా" అని ఓదార్చింది.

లెక్కల_మాస్టారు: మొదటి పోస్టులోనే అబద్ధం! చంద్రుడు సుమారు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మనం కాస్త దూరం వెళ్లినా అతను కనిపించే దిక్కు మారదు. చెట్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి వెనక్కి పోతాయి. ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పినవాణ్ని, ఇంత తేలిక.

బుజ్జిగాడి_అమ్మ: నాలుగేళ్లవాడికి కిలోమీటర్లా మాస్టారూ! వాడికింకా నిన్నకీ రేపటికీ తేడా తెలీదు.

లెక్కల_మాస్టారు: కిలోమీటర్లు వద్దంటే చెట్లు చూపించండి. కట్టుకథలెందుకు?

పాత_చదువరి: ఇద్దరూ ఆగండి. జాఁ పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త 1920ల్లోనే పిల్లల్ని ఇదే అడిగాడు. సూర్యచంద్రులు తమ వెంట నడుస్తారని చిన్నపిల్లలు చెప్పారు. ఆ వయసుకది సహజం. "నువ్వేమనుకుంటున్నావు?" అని తిరిగి అడగండి, చాలు.

నిద్రలేని_నాన్న: అడిగాను సార్. "నాకు తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?" అన్నాడు.

ఇద్దరు_పిల్లల_బాబు: మా పాప ఆకాశం నీలంగా ఎందుకుందంటే సముద్రం రంగు పైన పడింది అని చెప్పేశా. గొడవ వదిలింది.

లెక్కల_మాస్టారు: రామ రామ! సముద్రం దరిదాపుల్లో లేని చోట ఆకాశం ఏ రంగులో ఉంటుందండీ? గాలిలోని అణువులు ఎరుపు కన్నా నీలం వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి, అందుకు!

ఇద్దరు_పిల్లల_బాబు: ఊదా ఇంకా ఎక్కువ చెదురుతుందట, మరి ఆకాశం ఊదాగా ఎందుకు లేదు? నేను కాదు, మా పెద్దోడు అడగమన్నాడు.

లెక్కల_మాస్టారు: మంచి ప్రశ్న. ఎండలో ఊదా పాలు తక్కువ, మన కంటికి అది ఆనేదీ తక్కువే. వాణ్ని నా దగ్గరికి పంపండి, మీ దగ్గర ఉంటే పాడైపోతాడు.

ఇద్దరు_పిల్లల_బాబు: మాటలు జాగ్రత్త మాస్టారూ.

కవలల_తల్లి: నా పోస్టు ఒక్కరైనా చదివారా?

ఇంటి_నుంచే_ఉద్యోగం: చదివి నవ్వుకున్నానండీ. నాది వినండి. వీడియో మీటింగ్‌లో మావాడు ఒళ్లోకెక్కి, స్క్రీన్ మీద మా పై అధికారిని వేలితో చూపించి, "నాన్నా, మాట్లాడితే నిద్రొస్తుందన్నావే, ఆ అంకుల్ ఈయనేనా?" అన్నాడు.

బుజ్జిగాడి_అమ్మ: అయ్యో! ఆయనేమన్నారు?

ఇంటి_నుంచే_ఉద్యోగం: ఏమీ అనలేదు. ఇప్పుడు ప్రతి మీటింగ్‌లోనూ మొదట నన్నే మాట్లాడమంటున్నారు.