ప్రూఫులు "దిద్దడం" అనొచ్చా?

చూపు లేని పాఠకుల కోసం స్కాన్ చేసిన పుస్తకాల్లో తప్పులు సవరించే పనిని "దిద్దడం" అనొచ్చా, "సరిచూడటం" అనాలా అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. దిద్దడం అంటే రచయిత మాటనే మార్చేసినట్టు ధ్వనిస్తుందని వారి అభ్యంతరం. మూడేళ్లుగా ఆ పని చేస్తున్నాను కాబట్టి నాకు తోచింది చెప్తాను.

దిద్దడంలో రెండు పనులున్నాయి. మాస్టారు దిద్దితే తప్పు కొట్టేసి ఒప్పు రాస్తారు. గురజాడ 1910లో తన కథకి "దిద్దుబాటు" అని పేరు పెట్టింది ఈ అర్థంలోనే. పిల్లవాడు దిద్దడం వేరు. పలక మీద రాసిచ్చిన అ మీదే బలపం తిప్పి తిప్పి రాస్తాడు. గీత పక్కకి పోకూడదు, ఉన్నదాని మీదే నడవాలి. మేం చేసేది పిల్లవాడి దిద్దడం. అందుకే నాకు ఆ మాటే ఇష్టం.

మొన్న ఒక పేజీలో "అంతా మాయ అన్నాడు" అని ఉంటే ఓసీఆర్ (పేజీ బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) "అంతా మామ అన్నాడు" అని ఇచ్చింది. సిరా చెదిరిన పాత అచ్చులో య, మ కవలపిల్లలే. మామ కూడా మంచి మాటే కనుక స్పెల్‌చెక్ ఎర్రగీత పెట్టదు. చూసి చదివేవాళ్లకి అనుమానం వస్తే పేజీ బొమ్మ చూసుకుంటారు. వినేవాళ్లకి ఆ దారి లేదు. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఏది పలికితే వాళ్లకి అదే పుస్తకం.

సున్న దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. "వంట"లో సున్న బదులు తెలుగు అంకె సున్నా (౦) పడితే కంటికి తేడా తెలియనే తెలియదు. ఫోన్లో పెట్టి వింటే "వ సున్నా ట" అంది! అప్పట్నుంచి పేజీ పూర్తయ్యాక కళ్లు మూసుకుని ఒకసారి వింటున్నాను.

అరసున్నలు (ఁ) తీసేస్తే వినడానికి హాయిగా ఉంటుంది కదా అని ఇంకొకరు రాశారు. వద్దండీ. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె. తెలుగు ఎమ్మే చదివే అంధ విద్యార్థి పరీక్షలో ఆ తేడా రాయాలి కదా. మన భాషలకి వాడే చుక్కల లిపి భారతి బ్రెయిలీలో అరసున్నకీ గుర్తుంది, 3వ చుక్క ఒక్కటే. ఆ చుక్క వాళ్ల వేలికి తగలాలి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ కూడా వాళ్లకి అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోమంది. మాటలు మన ఇష్టానికి మార్చుకోమనలేదు.

ఇప్పుడు నాకో సందేహం. చెద తిన్నచోట అక్షరాలు ఏమాత్రం కనబడకపోతే ఊహించి నింపకుండా "ఇక్కడ చెరిగింది" అని రాస్తున్నాం. తాళపత్రాలు పరిష్కరించిన పండితులు ఇలాంటి చోట "గ్రంథపాతం" అనేవారు. ఒకటి రెండు అక్షరాలు పోయినా ఆ మాట వాడొచ్చా? కథ వింటుంటే మధ్యలో అది చెవికి అడ్డు తగులుతుందా? స్క్రీన్ రీడర్‌తో చదివేవాళ్లు ఈ గుంపులో ఉన్నారు, ముందు వాళ్లే చెప్పాలి.