యుద్ధం సినిమాలా, క్రైమ్ సినిమాలా? చివర ఏమవుతుందో తెలిసినా టెన్షన్ ఎందుకు?

రెండో_ఆట (నెల్లూరు):

నిన్న మా ఇంట్లో పెద్ద గొడవ, సినిమా మీదే లెండి. మా బావ కావలి నుంచి వచ్చాడు, మధ్యాహ్నం చేపల పులుసు తిని అందరం టీవీ ముందు చేరాం, నేను 'ఘాజీ' పెట్టాను. పావుగంట కూడా కాలేదు, "ఇందులో చూసేదానికి ఏముందబ్బా, ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్ 1971 యుద్ధంలో వైజాగ్ దగ్గర మునిగిపోయిందని అందరికీ తెలిసిందేగా" అని రిమోట్ లాక్కుని ఏదో హత్య కేసు సినిమా పెట్టేశాడు. ఆయన లెక్క ఏందంటే, యుద్ధం అంటే చరిత్ర, ఎవరు గెలిచారో తెలిసిపోయాక ఇక టెన్షన్ యాడ నుంచి వస్తుంది, అదే క్రైమ్ అయితే హంతకుడెవరో చివరి రీలు దాకా తెలీదు కాబట్టి కదలకుండా చూస్తాం అని.

నాకది ఎక్కలేదు. 'దృశ్యం'లో చంపిందెవరో మనకి ముందే తెలుసు, అయినా పోలీసులు ఆ చిన్నపాపను కూర్చోబెట్టి అడుగుతుంటే చెమటలు పట్టింది మనకి. 'డన్‌కర్క్' కూడా అంతే. 1940లో జర్మన్ల నుంచి తప్పించి 3 లక్షల 38 వేల మంది సైనికులను సముద్రం దాటించారని పుస్తకాల్లో ఉంది, సరే, కానీ ఓడ లోపల జామ్ రాసిన బ్రెడ్ తింటున్న ఆ కుర్రాళ్ళు బతుకుతారో లేదో పుస్తకాల్లో లేదు కదా. పైగా అందులో జర్మన్ సైనికుడి మొహం దాదాపు కనపడనే కనపడదు, తూటాలు మాత్రం ఎటునుంచో వస్తుంటాయి.

మన యుద్ధం సినిమాల్లో నాకు నచ్చనిది ఒకటే, హీరోకి భయం ఉండదు. వాడికే లేనప్పుడు వాడి గురించి నేనెందుకు భయపడాలి?

మీరు ఏమంటారు? దసరాకి మా బావ మళ్ళీ వస్తాడు, ఆలోపు నాకు నాలుగు గట్టి పాయింట్లు కావాలి.

గిద్దలూరు_రాజు:

మా వైపు మిలిటరీలో చేసి వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు, మా మేనమామ కూడా పదిహేడేళ్ళు చేశాడు. ఆయనతో కూర్చుని యుద్ధం సినిమా చూడటం ఒక శిక్ష. చుట్టూ తూటాలు పేలుతుంటే హీరో నిలబడి దేశం గురించి రెండు నిమిషాలు డైలాగ్ చెప్తాడు చూడండి, అక్కడ లేచి పశువులకి నీళ్ళు పెట్టడానికి పోతాడు. ఒకసారి అడిగితే చెప్పాడు, అక్కడ మేం చేసింది ఎక్కువగా ఎదురుచూడటమేరా, గుంట తవ్వుకోవడం, తుపాకీ తుడుచుకోవడం, ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందా అని చూసుకోవడం అని. మొదటి ప్రపంచ యుద్ధం మీద తీసిన '1917' పెడితే మాత్రం కదల్లేదు. ఇద్దరు కుర్రాళ్ళు ఒక చీటీ పట్టుకుని నడుచుకుంటూ పోవడమే కథ, కెమెరా ఎక్కడా ఆగనట్టు తీశారు, వాళ్ళు బురదలో జారితే మనం జారినట్టే ఉంటుంది. మామకి ఇంగ్లీషు పెద్దగా రాదు, సబ్‌టైటిల్స్ కూడా పెట్టలేదు. అయిపోయాక "బూట్లు తడిసినాయి, అది నిజం" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

కాబట్టి మీ బావకి చెప్పండి, ఎవరు గెలిచారు అని కాదు, ఆ చీటీ అందుతుందా అని చూడమనండి.

పెన్నా_గట్టు:

'ఘాజీ' మీద ఒక చిన్న మాట. చివర తెలుసు అంటున్నాడు కదా మీ బావ, నిజంగా తెలుసా? మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకే (నీళ్ళ లోపల పేలే బాంబులు) మునిగిందని మన నేవీ అంటుంది, అది సముద్రంలో పెట్టిన సొంత మందుపాతరే పేలిందో లోపలే ఏదో పేలిందో అని పాకిస్తాన్ వాళ్ళు అంటారు. 1971 డిసెంబర్ నుంచి ఇంతవరకు రెండు వైపులా ఒక మాట మీదకి రాలేదు. సినిమాలో రెండు సబ్‌మెరైన్లు కొట్టుకోవడం మాత్రం కల్పించిందే, అది నాకేం తప్పనిపించలేదు. వైజాగ్ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ఉంది కదా, ఆ యుద్ధంలో పనిచేసిందే, 2002 నుంచి మ్యూజియం. అందులో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వచ్చి చూడమనండి మీ బావని. నాకు రెండుసార్లు తలకి తగిలింది, ఊపిరాడనట్టు అనిపించి ఎప్పుడు బయటపడతానా అని చూశాను. అందులో నెలల తరబడి ఉన్నారు మనుషులు.

క్రైమ్‌లో అయితే నా ఓటు మన ఊరి డిటెక్టివ్‌కే, 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' సినిమాకి. రైలు పట్టాల పక్కన దిక్కులేని శవాలు అని పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు చదివి తిప్పేస్తాం కదా, ఆ నాలుగు లైన్లనే పట్టుకుని కథ చేశారు. నెల్లూరులో జరిగే కథ కాబట్టి చెప్పడం లేదు (కొంచెం అదీ ఉందిలే).

ఒంగోలు_జూనియర్:

కోర్టులో జూనియర్‌గా చేస్తున్నాను, అందుకే క్రైమ్ సినిమాలు నాకు సగం సగమే ఎక్కుతాయి. ఎక్కువ సినిమాల్లో చివర పోలీసాఫీసర్ నాలుగు తగిలించగానే వాడు నేనే చంపాను అంటాడు, మ్యూజిక్ వస్తుంది, శుభం. మాకు అక్కడే కథ మొదలవుతుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 25వ సెక్షన్, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలో 23. వాడు చెప్పిన చోట కత్తి దొరికిందా, అప్పుడు మధ్యవర్తులుగా (అంటే అది దొరకడం చూసిన సాక్షులుగా) ఎవరు సంతకం పెట్టారు, ఆ సంతకం పెట్టినాయన అయిదేళ్ళ తర్వాత బోనులోకి వచ్చి నాకేం గుర్తులేదయ్యా అంటే ఏం చేయాలి, నన్నడిగితే అసలు టెన్షన్ అది. హంతకుడెవరో ఊరందరికీ తెలుసు, జడ్జి గారి ముందు మాత్రం తెలియాల్సిన పద్ధతిలోనే తెలియాలి.

మన హైవే కేసు గుర్తుందా? 2008లో అధికారుల వేషంలో లారీలు ఆపి, డ్రైవర్లనీ క్లీనర్లనీ చంపి, ఇనుము లోడు అమ్ముకున్న గ్యాంగ్. ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష వేసింది 2021 మేలో. మధ్యలో ఆ పదమూడేళ్ళు ఉన్నాయే, అవి తీయాలి ఎవరైనా. ఎదురుచూస్తున్న లారీ డ్రైవర్ భార్య వైపు నుంచి తీస్తే ఇంకా మంచిది, కానీ అలా తీస్తే ఫైట్లు ఎక్కడ పెట్టాలని అడుగుతారు నిర్మాతలు.

కావలి_సెంటర్:

కావలి నుంచి అనగానే నాకు డౌటొచ్చింది, ఆ బావ నేను కాదు, ముందే చెప్తున్నా. కానీ ఆయన మాటలో కొంత న్యాయం ఉంది. మీరంతా చెప్పే యుద్ధం సినిమాలు తెర మీద చూడాల్సినవి. '1917' నేను ఫోన్లో చూశాను, బస్సులో, మధ్యలో మూడు ఫోన్లు వచ్చాయి, నాకేం అనిపించలేదు. సూళ్ళూరుపేట దగ్గర ఆ వంద అడుగుల తెర ఉన్న థియేటర్ ఉందే, అప్పట్లో మన నెల్లూరు జిల్లానే, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది, అలాంటి చోట చూసుంటే వేరుగా ఉండేదేమో. క్రైమ్ కథకి ఆ ఇబ్బంది లేదు, చిన్న తెర మీదైనా ఒక మొహం, ఒక అబద్ధం కనపడితే చాలు. కాబట్టి మధ్యాహ్నం పులుసు తిన్నాక టీవీలో చూసేదానికి మీ బావ పెట్టిందే కరెక్టు.

రెండో_ఆట:

కావలి అన్నా, నువ్వు మా బావవే అని నాకు ఇప్పటికీ అనుమానమే.

గిద్దలూరు రాజు గారి మామ మాట మా ఇంట్లో చెప్పాను, మా నాన్న కూడా నవ్వాడు. లాయర్ గారు, ఆ మధ్యవర్తి పాయింట్ మాత్రం నేను వాడుకుంటున్నాను. ఈసారి సబ్‌టైటిల్స్ తీసేసి '1917' పెడతా, రిమోట్ ముందే దాచిపెట్టుకుంటా.