పరంగి, పరంగిచెక్క, ఫిరంగి: ఒకే మాట ఎన్ని సరుకులు మోసింది?

ప్రశ్న:
పాత వైద్యపు రాతల్లో "పరంగి" అని రోగం పేరు, దాని పక్కనే "పరంగిచెక్క" అని మందు పేరు కనిపిస్తున్నాయి. రోగానికీ మందుకూ ఒకే పేరు ఎలా వచ్చింది? తోపును ఫిరంగి అనడానికీ దీనికీ చుట్టరికం ఉందా?

జవాబు:
ఉందండి, మూలం ఒకటే. ఫ్రాంకు జాతి పేరు మీద అరబ్బులు పశ్చిమ ఐరోపావాళ్ళందరినీ "ఇఫ్రంజ్" అన్నారు, పారశీకంలో అది "ఫరంగ్" అయింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరేసరికే అరబ్బు, పారశీక వర్తకుల నోళ్ళలో ఆ పేరు నలిగి ఉంది. పోర్చుగీసువాళ్ళకు అదే అంటుకుంది.

తెలుగులో రెండు రూపాలు నిలిచాయి. ఫకారం పోనిది "ఫిరంగి" అయి తోపుకు స్థిరపడింది. ఫకారం పకారమైనది "పరంగి" అయి మనిషికీ రోగానికీ వచ్చింది. తమిళంలో పరంగిక్కాయ్ అంటే గుమ్మడి, కన్నడంలో పరంగి హణ్ణు అంటే బొప్పాయి. రెండూ అమెరికా ఖండపు మొక్కలే.

జవాబు:
రోగం సంగతి చెప్తాను. ఇది సిఫిలిస్ అనే సుఖవ్యాధి. ఐరోపాలో ఇది మహమ్మారిలా బయటపడింది 1495లో, ఫ్రాన్సు రాజు ఎనిమిదో చార్లెస్ సైన్యం నేపుల్స్‌లో ఉన్నప్పుడు. అమెరికా నుంచి కొలంబస్ నావికులు తెచ్చారా, అంతకుముందే ఐరోపాలో ఉందా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఇటలీవాళ్ళు దాన్ని ఫ్రెంచి రోగం అన్నారు, ఫ్రెంచివాళ్ళు నేపుల్స్ రోగం అన్నారు, రష్యావాళ్ళు పోలండు రోగం అన్నారు. మనవాళ్ళూ అదే పద్ధతిలో ఓడ దిగినవాడి పేరు పెట్టారు. చరక, సుశ్రుత సంహితల్లో లేని "ఫిరంగ రోగం" 16వ శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథంలో కనిపిస్తుంది. ఫిరంగ దేశంలో ఎక్కువ కాబట్టి ఆ పేరు అంటాడు, ఫిరంగుల సంపర్కం వల్ల వస్తుందంటాడు, బాహ్యం, ఆభ్యంతరం, రెండూ కలిసినది అని మూడు రకాలు చెప్తాడు.

ప్రశ్న:
లిస్బన్ నుంచి ఇక్కడికి సుమారు ఆరు నెలల ప్రయాణం కదా. రోగం దారిలోనే చల్లారిపోదా?

జవాబు:
మశూచి అయితే చల్లారిపోవచ్చు. అది సోకినవాడు కొన్ని వారాల్లో చావడమో కోలుకోవడమో జరుగుతుంది, ఓడలో సోకడానికి కొత్త మనుషులు మిగలకపోతే అక్కడితో ఆగుతుంది. సిఫిలిస్ నడక వేరు. సోకిన 10 నుంచి 90 రోజుల్లో నొప్పిలేని పుండు లేస్తుంది, 3 నుంచి 6 వారాల్లో దానంతట అదే మానుతుంది. నావికుడు నయమైందనుకుంటాడు. తర్వాత ఒంటిమీద దద్దుర్లు వస్తాయి, అప్పుడూ అంటిస్తాడు. మధ్యలో ఏ లక్షణమూ లేకుండా నెలలు గడుస్తాయి. ఆరు నెలల సముద్రయానం దీనికి అడ్డే కాదు.

ఈ క్రిమి ఒంటి బయట ఎక్కువసేపు బతకదు, సరుకు మూటల్లో రాదు. ప్లేగుకు ఎలుకా దాని ఒంటిమీద రక్తం పీల్చే గోమారీ చాలు, దీనికి మనుషులే కావాలి. ఆ అవకాశం రుతుపవనం ఇచ్చింది. నైరుతి గాలితో వచ్చిన ఓడ ఈశాన్య గాలి తిరిగేదాకా రేవులోనే ఉండాలి. నావికులకు నెలల తరబడి నేలమీదే కాపురం.

ప్రశ్న:
అయితే పరంగిచెక్క ఐరోపా నుంచి వచ్చిన చెక్కా?

జవాబు:
కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. అది చీనా నుంచి వచ్చింది. పరంగిరోగానికి వాడే చెక్క కాబట్టి పరంగిచెక్క. హిందుస్తానీలో దీని పేరు చోప్‌చీనీ, అంటే పారశీకంలో చీనా కొయ్య. దాల్చినచెక్కలో "దాల్చిన" కూడా "దార్‌చీనీ"యే, అంటే అదీ చీనా కొయ్యే. దాని వెనక మనం మళ్ళీ చెక్క చేర్చుకున్నాం.

నిజానికి పరంగిచెక్క కొయ్య కాదు, ఒక తీగ మొక్క నేలలోపలి దుంప. ఎండబెట్టి, ముక్కలు కోసి కషాయం కాస్తారు. గోవాలో వైద్యం చేసిన గార్సియా ద ఓర్తా 1563లో అక్కడే అచ్చయిన తన పుస్తకంలో, ఇది 1535 ప్రాంతంలో గోవాకు వచ్చిందని రాశాడు. 1546కల్లా ఐరోపాలో వెసాలియస్ అనే వైద్యుడు దీని వాడకం మీద రాశాడు. ఒకే ఓడలదారిలో రోగం తూర్పుకీ, దాని మందు పడమటికీ పోయాయి. దుంపలో పిండి ఎక్కువ, తేమ తగిలితే పురుగు పడుతుంది. అందుకే బరువుగా, తొలవకుండా ఉన్నది ఏరేవారు.

జవాబు:
భావప్రకాశంలో అసలు మందు పాదరసం. రసకర్పూరం అనే పాదరసపు లవణం 4 గురివెందల ఎత్తు తీసుకుని, గోధుమపిండి ముద్ద మధ్యలో పెట్టి మూసి, పైన లవంగపు పొడి అద్ది, పళ్ళకు తగలకుండా నీళ్ళతో మింగాలి. తర్వాత తాంబూలం. ఉప్పు, పులుపు మానాలి. పళ్ళకు తగలకూడదనడంలో అర్థం ఉంది: అది నోరు పుండు చేస్తుంది. లోపలికి పోయినా పాదరసం చిగుళ్ళు వాచేలా, చొంగ కారేలా, పళ్ళు కదిలేలా చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పుండు ఎలాగూ దానంతట అది మానేదే, మాన్పిన ఘనత మందుకు దక్కింది. దయచేసి ఎవరూ దీన్ని ప్రయత్నించవద్దు. 1943లో పెనిసిలిన్‌తో దీనికి నిజమైన మందు దొరికింది.

జవాబు:
ఒక సవరణ. సింహళంలోనూ "పరంగి" ఉంది గానీ, అక్కడ అది యాస్ అనే చర్మరోగం. క్రిమి సిఫిలిస్‌కు దగ్గరి చుట్టమే, కానీ మామూలు చర్మస్పర్శతో పిల్లలకు అంటుతుంది. లంక రాతల్లో పరంగి కనిపిస్తే సుఖవ్యాధి అని అనువదించకండి.

తెలుగు రాతప్రతులు చూసేవారికి: పక్కన రసకర్పూరం, పథ్యం, అనుపానం ఉంటే పరంగి అంటే రోగం. గుండు, కోట, బురుజు ఉంటే తోపు. "మందు" అనే మాట మాత్రం రెండుచోట్లా వస్తుంది, దాన్ని బట్టి తేల్చకండి.